అతిథి పాదములు

నల్లగొండలో మా వీథి చివరనున్న క్షౌరశాలలో ఒక టెలివిజను పెట్టె కలదు. మెడమీద కత్తి యున్నంతసేపు తల తిప్పరాదు గనుక ఆ పెట్టె యేమి చూపిన నదియే చూడవలెను. వార్తలయం దింత శ్రద్ధ నాకు మఱెక్కడను కలుగదు. 2025వ సంవత్సరము మే నెల 15వ తేదీ యుదయమున నేనట్లు బందీనై కూర్చుండగా, ప్రపంచసుందరి పోటీకై వచ్చిన యువతులు ముందునాడు రామప్పగుడియొద్ద వరుసగా కూర్చుండుటయు, మన స్త్రీలు వారి పాదములపై నీళ్లు పోయుటయు, తువాలుతో తుడుచుటయు చూచితిని.

దుకాణములో నప్పుడే సభ యేర్పడినది. ఒకరు "అతిథిదేవో భవ" యనిరి. మఱియొకరు "మన యాడబిడ్డల పరువు పోయిన" దనిరి. ప్రభుత్వపక్షమువారి కది సంప్రదాయము, ప్రతిపక్షమువారి కది యవమానము. పీఠములు మాఱిన మాటలును తారుమారగునేమో యని నాకు తోచినది గాని, కత్తి యింకను మెడమీదనే యుండుటచే నూరకుంటిని.

సంప్రదాయమను మాట వినబడినప్పుడు నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చును. ఆమె గడపయొద్ద చెంబుతో నీళ్లు పెట్టెడిది. వచ్చినవాడు చుట్టమైనను బాటసారియైనను ఆ చెంబు వంచుకొని, తన కాళ్లు తానే కడుగుకొని లోనికి వచ్చెడివాడు. నీళ్లిచ్చుట గృహస్థుని పని, కడుగుకొనుట యతిథి పని. పెండ్లిలో అల్లుని కాళ్లు మామ కడుగుట కలదు. అది యొక ముహూర్తమున, తన యల్లునికి, తన చేతితో చేయునదేకాని మఱొకరిని నియమించి చేయించునది కాదు. రామప్పలో నీ మర్యాదను తలపెట్టిన పెద్దలు తామే చెంబు పట్టియుండినచో నే నీ వ్యాసము వ్రాయకపోదును.

మా ప్రాంతమున మూడవ విధ మొకటి యుండెను. దానిని వెట్టి యనెడివారు. దొర బండిముందు పరుగెత్తుట, గడీలో ఊడ్చుట, కూలి యడుగకుండుట. 1930లో జోగిపేటలో ప్రథమాంధ్రమహాసభకు అధ్యక్షత వహించిన సురవరము ప్రతాపరెడ్డిగారు పాలమూరు సీమవారు. 1944లో భువనగిరి సభకు అధ్యక్షులైన రావి నారాయణరెడ్డిగారు మా నల్లగొండవారు. ఆ సభలు మాన్పింపవలెనని పోరాడిన వానిలో వెట్టి ముఖ్యమైనది. అందుచేత నిచ్చటివానికి, ఒకరు కూర్చుండి యొకరు వంగియుండు దృశ్యము కనబడినప్పుడు, అది యెంత యలంకరింపబడినను, వెన్నులో నెచ్చటనో చురుక్కుమనును. వచ్చిన పడుచులయందు నాకు కోపము లేదు. పాపము, కూర్చుండుమనిన కూర్చుండిరి.

ఆ దినముననే కొందఱు పోచంపల్లికి పోయిరి. 2016 వఱకు నది మా జిల్లాలోనిదే. 1951 ఏప్రిల్ 18న అచ్చట వినోబాజీ యెదుట హరిజనులు ఎనుబదియెకరములు వేడగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములిచ్చిరి. సుందరీమణులకు భూమితో పని లేదు గనుక చీరలు చూచిరి. చూడదగినవే. నూలును ముందే ముడులు కట్టి రంగులలో ముంచి, పిదప మగ్గమెక్కించుట యచ్చటి విద్య. కాని మగ్గమునకు ముందు ఆసుపోయుట యను పని యొకటి కలదు. కొయ్యమేకుల చుట్టును దారమును త్రిప్పుచు నింటి యాడుది ఒక్క చీరకు వేలసారులు చేయి చాపి ముడువవలెను. తల్లి భుజపునొప్పి చూడలేక ఆలేరు సమీపమున షార్జీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు 1999లో నొక యంత్రమును నిర్మించిరి. 2017లో ప్రభుత్వమువారు పద్మశ్రీ యిచ్చిరి. అతిథులకు చీరతోపాటు ఆ భుజమునుగూడ నెవరైన చూపిరో లేదో.

మఱునాడు మహబూబునగరపు పిల్లలమఱ్ఱి వంతు. ఏడువందల యేండ్లదని ప్రతీతిగల యా వృక్షము మూడెకరములు వ్యాపించియున్నది. సందర్శకులు దాని కొమ్మలపై నూఁగిరి, ఎక్కిరి, తమ పేరులు చెక్కిరి. చెదలు తమ వంతు పని తాము చేసినవి. 2017 డిసెంబరులో నొక కొమ్మ విఱిగిపడగా జనుల రాకను మాన్పించిరి. 2018లో చెట్టునకు వందలకొలది సీసాలు వ్రేలాడగట్టి, చెదలమందును రోగికి సెలైను నెక్కించినట్లు బొట్టుబొట్టుగా నెక్కించిరి. నేనా వార్త చదివి మొదట నవ్వితిని. పిదప నా చిన్ననాటి విహారయాత్రలో నేనును ఒక యూడ పట్టుకొని యూఁగినది తలపునకు వచ్చి నవ్వు చాలించితిని.

మా నల్లగొండ పేరు లోకమున కెక్కుట కీ పోటీ మొదలు కాదు. నీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రామును మించరాదని నియమము. మా బావులకు నియమములు తెలియవు. ఆ నీరు త్రాగిన పిల్లల కాళ్లు వంగిపోయినవి, పెద్దల వెన్నులు బిగిసిపోయినవి. నాగపురములోని పరిశోధకులు 1970ల దశకమున పటిక, సున్నములతో నా నీటిని శుద్ధిచేయు విధానము నొకటి కనిపెట్టి "నల్లగొండ పద్ధతి" యని పేరిడిరి. ఆఫ్రికాలోని దేశములందుగూడ నా పేరుతోనే దానిని పరీక్షించిరి. పిదప కృష్ణనీరు నల్లాలలోనికి వచ్చినది, సంతోషమే. కాని వంగిన కాళ్లు తిరిగి చక్కబడవు. ఆ పాదములు కడుగుట కెవ్వరును చెంబు పట్టుకొని పోలేదు.

ఇట్టి యావేశముతో దుకాణము వెడలి వచ్చుచుండగా త్రోవలో ముంజలమ్ము ముసలమ్మ పిలిచినది.

"గా పొల్లలు మనూరికి గూడ వస్తరా సారూ?"

"రారమ్మా. పాలమూరు పోవుదురు."

"మంచిగైంది. ఈ ఎండకు కందిపోతరు" అని ముంజలు కొట్టి యిచ్చినది. ఆమె కాళ్లకు చెప్పులు లేవు. నేను మర్యాదను గూర్చియు, వెట్టిని గూర్చియు నామెకు బోధించుచునే డజను ముంజలు తింటిని. తినుట కాగానే అలవాటుచొప్పున చేతులు చాపితిని. ఆమె సీసా వంచి నీళ్లు పోసినది, నేను కడుగుకొంటిని. రెండడుగులు వేసిన పిదపగాని నేనేమి చేసితినో నాకు తెలియలేదు.

ఇల్లు చేరి, నలువదియేండ్లలో మొదటిసారి, కాళ్లకు నీళ్లు నేనే ముంచుకొంటిని. మా యావిడ వచ్చి చెంబువంకను నా వంకను మార్చి మార్చి చూచి, జ్వరమేమోయని నా నుదుట చేయి పెట్టినది.