అరచేతిలో 29 తులాలు

పరాయి దేశంలో ఉండే తెలుగువాళ్ళకి తూకం గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పెట్టెకి 23 కిలోలు, అమెరికా లెక్కలో 50 పౌండ్లు. ఆ గీత దాటకుండా ఆవకాయ, అప్పడాలు, కందిపొడి, పట్టుపరికిణీలు, ఎదురింటివాళ్ళు "చిన్న పొట్లమేనండీ" అంటూ తెచ్చి ఇచ్చిన రెండు కిలోల పొట్లం, అన్నీ సర్దడంలో మనందరం పండితులమే. ముందు మనం ఒక్కళ్ళం త్రాసెక్కి, తరవాత పెట్టె ఎత్తుకుని మళ్ళీ ఎక్కి, తీసివేత లెక్క కట్టడం ప్రతి ఇంట్లోనూ జరిగే తతంగమే. 200 గ్రాములు ఎక్కువైందని జంతికల డబ్బా బయటికి తీసేస్తాం. రోజూ చేత్తో మోసే ఫోను బరువెంతో మాత్రం ఒక్కసారీ తూచం.

నేను తూచాను. పిండి కొలుచుకునే త్రాసు ఒకటి మా వంటింట్లో ఉంది. దాని మీద ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్కొక్కటీ పెట్టి చూశాను. పాత సామాను పారెయ్యని ఇల్లు కాబట్టి సొరుగులో చరిత్రంతా దొరికింది. మా ఆయన "ఏమిటీ, పాత ఇనపసామాన్ల కొట్టు పెడుతున్నావా?" అన్నాడు కానీ, ఆయనా కళ్ళజోడు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

అసలు ఈ ఫోను పుట్టడమే బరువుగా పుట్టింది. 1973 ఏప్రిల్ 3న మోటరోలా ఇంజినీరు మార్టిన్ కూపర్ న్యూయార్కు వీధిలో నిలబడి మాట్లాడిన మొదటి చేతిఫోను కిలో పైమాటే. పదేళ్ళు పోయాక బజారుకొచ్చిన డైనాటాక్ దాదాపు 800 గ్రాములు, ఖరీదు 3,995 డాలర్లు. అక్కణ్ణించి ఇరవై ఏళ్ళపాటు ఇంజినీర్లందరూ ఒకటే తపస్సు చేశారు, బరువు తగ్గించాలని. ఆ తపస్సు ఫలించింది కూడా. 2003లో వచ్చిన నోకియా 1100 బరువు 86 గ్రాములు. మన ఊళ్ళలో అందరూ "టార్చి ఫోను" అనేవాళ్ళే, అదే. కరెంటు పోతే దొడ్లోకి వెళ్ళడానికి పనికొచ్చే ఆ చిన్న దీపం వల్ల ఫోను బరువు పెరిగినట్టు ఎవరికీ తెలియనే లేదు. సదుపాయమంటే అలా ఉండాలనిపిస్తుంది నాకు.

ఆ తరవాత బండి వెనక్కి తిరిగింది. ఐఫోన్లనే తీసుకుందాం, ఏటేటా తూకం లెక్క రాసి పెడతారు కాబట్టి. 2007లో మొదటిది 135 గ్రాములు. 2012లో ఐదో నంబరు ఫోను 112 గ్రాములకి దిగింది. చేతిలో పెట్టుకుంటే లోపల ఏమీ లేదేమో, బొమ్మ ఫోనేమో అనిపించేది. 2017లో వచ్చిన పదో నంబరు 174. 2019లో పెద్ద సైజుది 226. 2021లో పెద్ద సైజుది దాదాపు 240. బంగారం కొట్టులో తులమంటే ఇప్పుడు పది గ్రాములు కాబట్టి, తొమ్మిదేళ్ళలో పదకొండు తులాలది ఇరవైనాలుగు తులాలైంది. బంగారమైతే సంతోషించేవాళ్ళమే.

ఎందుకు పెరిగిందంటే, ప్రతిదానికీ ఓ న్యాయమైన కారణం ఉంది. తెర పెద్దదైతే అద్దం పెరుగుతుంది. పెద్ద తెర వెలగాలంటే పెద్ద బ్యాటరీ కావాలి. తీగ లేకుండా చార్జి అవ్వాలంటే వెనకాల రేకు పనికిరాదు, అందుకని అక్కడా అద్దమే వేశారు. అందుకే 2016లో 138 గ్రాములున్న ఫోను, 2017లో అదే సైజులో 148 అయింది. కెమేరా ఒకటి కాస్తా రెండై, మూడైంది. చుట్టూ అంచుకి అల్యూమినియం బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వేశారు. అల్యూమినియం కంటే అది ఇంచుమించు మూడు రెట్లు బరువు. మన ఇళ్ళలో సత్తు గిన్నె, స్టీలు గిన్నె రెండూ ఎత్తినవాళ్ళకి ఈ సంగతి ఏ శాస్త్రవేత్తా చెప్పక్కర్లేదు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన కథ 2015 నాటిది. ఆ ఏడాది తెరని గట్టిగా నొక్కితే ఒక పని, మెల్లిగా నొక్కితే ఇంకో పని చేసే సదుపాయం పెట్టారు. ముందటేడు 129 గ్రాములున్న ఫోను 143 అయింది. బ్యాటరీ నిజానికి కాస్త చిన్నదైంది. పెరిగిన బరువులో ఎక్కువ భాగం ఆ కొత్త తెరదే. 2019కల్లా కొత్త ఫోన్లలో ఆ సదుపాయం ఎత్తేశారు. అది పోయింది కదాని ఫోన్లు తేలికయ్యాయా? లేదు. ఇంటికొచ్చిన చుట్టం వెళ్ళిపోయినా, ఆయన కోసం కొన్న పరుపు అటక మీద మిగిలిపోయినట్టే. ఖాళీ అయిన చోటులోకి ఇంకేదో వచ్చి కూర్చుంది.

ఇక్కడ ఫోను తరఫున కూడా ఒక మాట చెప్పాలి. నేను 2001లో ఈ దేశం వచ్చినప్పుడు నా చేతిసంచిలో కెమేరా, రెండు ఫిల్ము రీళ్ళు, టేపు రికార్డరు, అడ్రసుల పుస్తకం, పంచాంగం, అలారం గడియారం, నిఘంటువు, కాలింగ్ కార్డుల బొత్తి ఉండేవి. అవన్నీ కలిపితే ఐదారు కిలోలైనా ఉంటాయి. వాటన్నిటినీ మింగి ఫోను పావు కిలోలో ఇమిడిపోయింది. లెక్క ప్రకారం మనకే లాభం. కాకపోతే ఆ బరువు అప్పుడు భుజం కొంత, బల్ల కొంత, గోడ కొంత మోసేవి. గడియారాన్ని గోడ మోసింది, పంచాంగాన్ని మేకు మోసింది. ఇప్పుడు అందరి పనీ చిటికెనవేలి మీద పడింది. ఫోను కింద ఆ వేలు చిన్న మెట్టులా పెట్టి పట్టుకుంటాం కదా, ఓసారి చూసుకోండి. పైగా కెమేరాలన్నీ పైభాగంలో చేరడంతో, పెద్ద ఫోను కింద పట్టుకుంటే తల బరువెక్కి ముందుకు వాలుతుంది. తూకం మీద కనబడని బరువది.

ఇంత లెక్క నాకెందుకు పట్టిందంటే, అమ్మ వల్ల. అమ్మ తెనాలిలో ఉంటుంది. వయసు 76. ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పింది. టార్చి ఫోనుతో చాలాకాలం హాయిగా నెట్టుకొచ్చింది. ఆ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఊరగాయ కలుపుతూ గంటసేపు మాట్లాడేది. రెండేళ్ళ క్రితం మా అన్నయ్య షార్జా నించి ఆవిడకి పెద్ద ఫోను తెచ్చాడు. మనవల మొహాలు పెద్దగా కనబడాలని ప్రేమగా తెచ్చిందే. కింద పడితే పగలకుండా మందపాటి కేసు, తెర మీద ఇంకో అద్దం కూడా తొడిగాడు. సెలవులకి వెళ్ళినప్పుడు వీధి చివర కిరాణా కొట్టులో తూపిస్తే 290 గ్రాములు. టార్చి ఫోనుకి మూడు రెట్ల పైన.

శనివారం మాకు పొద్దున్న, అమ్మకి దీపాలు పెట్టే వేళ. నలభై నిమిషాలు సాగే మాటలు ఇరవై అయ్యాయి, ఇరవై పది అయ్యాయి. "ఉంటానే తల్లీ, పాలు తోడెయ్యాలి" అనేది. ఒకసారి మందులు, ఒకసారి గుమ్మంలో ఎవరో వచ్చారు. చివరికి మా మరదలు చెప్పింది, "వదినా, అత్తయ్యకి బొటనవేలి మొదట్లో కీలు అరిగిందిట. ఫోను పట్టుకోలేకపోతున్నారు. చెబితే మీ అన్నయ్యగారు చిన్నబుచ్చుకుంటారని ఊరుకుంటున్నారు." అమ్మనడిగితే నవ్వేసింది. "ఫోను మంచిదేనే. మాట్లాడుతుంటే రోకలి పట్టుకున్నట్టుంటుంది, అంతే" అంది.

అప్పుడర్థమైంది నాకు. చెంబుడు నీళ్ళు ఒక నిమిషం పట్టుకోవడం ఎవరికీ కష్టం కాదు, అరగంట పట్టుకోమంటే చెయ్యి వణుకుతుంది. మాటకైతే ఫోను చెవి దగ్గరుంటే చాలు. మొహం కనబడాలంటే చెయ్యి చాపి, ఎదురుగా ఎత్తి పట్టుకోవాలి. వీడియో అనే సదుపాయం ఒక్క గ్రాము కూడా పెంచకుండానే ఫోను బరువు పెంచేసింది. బొటనవేలి కొసతో నొక్కి పట్టుకున్న బరువు దాని మొదట్లో ఉన్న కీలు మీద చాలా రెట్లై పడుతుంది. ఆ కీలు అరగడం పెద్దవయసు ఆడవాళ్ళలో మామూలే. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

ఇప్పుడు తయారుచేసేవాళ్ళకీ కాస్త తెలిసొచ్చినట్టుంది. 2023లో స్టీలు బదులు టైటానియం వేసి 240ని 221కి దించారు. 2025లో సామ్‌సంగ్ 163 గ్రాముల పెద్ద తెర ఫోను, ఆపిల్ 165 గ్రాములది తెచ్చాయి. వాటిలో బ్యాటరీ తగ్గింది, కెమేరాలు తగ్గాయి. ఏదో ఒకటి వదులుకుంటేనే తేలిక. పెట్టె సర్దేవాళ్ళకి తెలిసిన సూత్రమే.

అమ్మ మాత్రం కొత్త ఫోను వద్దంది. అన్నయ్య తెచ్చింది మార్చనంది. నాన్నగారి వ్యాసపీఠం అటక మీంచి దింపించుకుంది. భాగవతం బరువని చేత్తో పట్టుకోకుండా దాని మీద పెట్టుకుని చదివేవారాయన. బరువైనదాన్ని ఒళ్ళో పెట్టుకోకూడదు, పీట మీద పెట్టాలని మన పెద్దవాళ్ళకి ఎప్పుడో తెలుసు. ఇప్పుడు దాని మీద ఫోను ఉంటుంది. నాకు అమ్మ మొహం సగం, తిరిగే ఫ్యాను సగం కనబడతాయి. అమ్మ రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి కాబట్టి వత్తులు చేసుకుంటూ మాట్లాడుతుంది. పోయిన శనివారం యాభై నిమిషాలైంది.

మీరు ఊళ్ళో అమ్మకో, అత్తగారికో ఫోను కొనేటప్పుడు కెమేరాలెన్నని అడిగే ముందు, అది చేతికిచ్చి ఐదు నిమిషాలు ఎదురుగా ఎత్తి పట్టుకోమనండి. ఆ ఐదు నిమిషాలూ మీరు ఫోను వైపు కాదు, ఆవిడ చేతి వైపు చూడండి.