తాళం తప్పిన గుండె

మా కొండదొరల ఊళ్ళలో ధింసా ఆడేటప్పుడు డప్పు తాళం తప్పితే అడుగు వేసే ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. గుండె తాళం తప్పితే చాలామందికి తెలియనే తెలియదు. నాకు ముప్పై ఎనిమిదో ఏట తెలిసింది. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే గుండె దడ. ఈసీజీ తీసి ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అన్నారు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డకడితే, ఆ గడ్డ మెదడుకు చేరి పక్షవాతం తెస్తుంది.

ఎకో పరీక్షలో మూలం బయటపడింది. మిట్రల్ కవాటం ఇరుకైపోయింది. చిన్నప్పుడు నాకు గొంతునొప్పి వచ్చి తగ్గాక, రెండు మూడు వారాలకు జ్వరంతో మోకాళ్ళు, మోచేతులు వాచాయని మా అమ్మ చెప్పేది. ఊళ్ళో వాతమన్నారు. వాపు తగ్గింది, అందరూ మరిచిపోయారు. దాని పేరు రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వల్ల వచ్చిన గొంతునొప్పికి మందు పడకపోతే వస్తుంది. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లల్లో ఎక్కువ. కీళ్ళను వదిలేస్తుంది గానీ గుండెను పట్టుకుంటుంది.

తర్వాత షుగరు, బీపీ కూడా తోడయ్యాయి. జబ్బులు మూడైనా ఒళ్ళు ఒకటే. షుగరు చూసే డాక్టరు ఆకుకూరలు బాగా తినమన్నారు. రక్తం గడ్డకట్టకుండా నేను వేసుకునే మాత్రకు ఆకుకూరల్లోని విటమిన్ కె ఎదురు పనిచేస్తుంది. ఇద్దరినీ అడిగి తేల్చుకున్నది ఇదీ: ఆకుకూర మానక్కర్లేదు, ఒకరోజు గంపెడు, మరోరోజు శూన్యం కాకుండా రోజూ ఒకే పాళంగా తినాలి. మోకాలి నొప్పికి దుకాణంలో దొరికే డైక్లోఫెనాక్ మాత్ర నాకు కుదరదు. రక్తస్రావం కావచ్చు, బీపీ కూడా పెరుగుతుంది. పండక్కి జీలుగు కల్లు ముంత చుట్టాల చేతికి అందించి నేను పక్కన కూర్చుంటాను. తుని నుంచి కాకినాడ వెళ్ళి ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటాను. నాకది 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. మందులన్నీ ఒకే నోటుపుస్తకంలో రాసి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అదే చూపిస్తాను.

“పసరు మందుతో పోయేదానికి ఇన్ని మాత్రలెందుకు” అనేవాళ్ళున్నారు. ఆకు వైద్యాన్ని నేను చిన్నచూపు చూడను. గుండెకు వాడే డిజిటాలిస్ కూడా ఆకు మందే. ఇంగ్లండులో ఒక ముసలామె ఇచ్చే కషాయం గురించి విని విలియం విథరింగ్ అనే వైద్యుడు ఆ మొక్కను పరీక్షించి, 1785లో పుస్తకం రాశాడు. ఆయన చేసిన పెద్ద పని మోతాదు తేల్చడం. ఆ ఆకు కాస్త ఎక్కువైతే విషం. కొలత తెలియని పసరును ఇన్ని మాత్రల మీద తాగితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి. పిల్లవాడికి జ్వరంతో గొంతునొప్పి వస్తే ఆసుపత్రికి పంపండి. కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాస్తే అసలు ఆలస్యం చేయవద్దు. యువకులారా, ఇంట్లో పెద్దవాళ్ళ మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. కూర్చుని ఉన్నప్పుడు 60 నుంచి 100 మధ్య, ఒకే వరసలో ఉండాలి. వరస తప్పుతుంటే ఈసీజీ తీయించండి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మా బడిలో ఒక పాపకు ఇదే జ్వరం వచ్చింది. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది, ఏళ్ళ తరబడి వేయించాలి. “తగ్గిపోయింది కదా మేస్టారూ, ఇంకా సూదెందుకు?” అని వాళ్ళ మామ్మ అడిగింది. “నాకూ తగ్గిపోయిందనే అనుకున్నారు మామ్మా” అని నా మణికట్టు ఆమె చేతికిచ్చాను. కాసేపు పట్టుకుని చూసింది. మళ్ళీ సూది ఏ రోజో క్యాలెండరులో గుర్తు పెట్టి ఇమ్మంది.