మంచి కాయ మార్కెట్టుకు, పగిలిన కాయ ఇంటికి



ఈ పొద్దు టమోటా రేట్ల గురించి రాయడం లేదు, తెగుళ్ల గురించీ రాయడం లేదు. 2022 జులైలో నేను, మా ఇంటామె సముద్రం మీద రెండు రాత్రులు ఓడలో ఉండి తిన్న తిండి గురించి రాస్తాను. హార్స్లీ కొండ కింద మూడెకరాలు చేసుకునే వాడికి ఓడ తిండితో ఏం పని అని నవ్వేవాళ్లు నవ్వండి. నేనూ మొదట నవ్వినోడినే.

మా అబ్బోడికి బెంగళూరులో ఉద్యోగం. ఆ సంవత్సరం జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నానికి కార్డీలియా అనే కంపెనీ ఓడ తిప్పడం మొదలుపెట్టింది. జూన్ 8న అది మొదటిసారి విశాఖకు వచ్చినప్పుడు పేపర్లో ఫోటో చూసి, ఊరంత ఉందే అనుకుని పేపరు మడిచి పెట్టేసినాను. నెల తిరిగేలోపల వాడు మా ఇద్దరికీ టిక్కెట్లు తీసేసి, తర్వాత ఫోన్ చేసినాడు. ఎంతయిందిరా అంటే, "అది నీకెందుకు నాయనా, తిండి కూడా అందులోనే" అన్నాడు. ఎంతయిందో ఇప్పటికీ చెప్పలేదు.

తిండి కూడా అందులోనే అంటే నాకు సగం భయం పోయింది. ఎందుకంటే బిడ్డలు చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి కొండ మీది టూరిజం హోటలుకు తీసుకుపోయి, ముందు రేటు చూసి తర్వాత పేరు చదివి, అందరికీ పూరీలు చెప్పినోడిని నేను. మా ఇంటామె ఆ రోజు ఆకలి లేదు అనింది. నేను నమ్మినాను.

మదనపల్లె నుంచి చిత్తూరు మీదుగా చెన్నై బస్సెక్కినాము. ఆమె సంచిలో రాగిపిండి, ఊరిబిండి, నిమ్మకాయ ఊరగాయ, వేయించిన చెనక్కాయలు పెట్టుకునింది. బయట వండిన తిండి ఓడలోకి ఎక్కనీరమ్మా అని అబ్బోడు ఫోన్లో చెబితే, ఆ సంచిని చెన్నైలో చుట్టాల ఇంట్లో పెట్టేసినాము. ఆమె మొహం చిన్నబోయింది. "నేను వండకపోతే ఈ రెండు దినాలు నువ్వేం తింటావు" అనింది. నాకేం అవుతుందో అనే ఆలోచనే ఆమెది. ఆమె ఏం తింటుందో అని నేను అడగలేదు. ఆ పొద్దు అది నాకు తోచను కూడా తోచలేదు.

ఓడ పేరు ఎంప్రెస్. పదకొండు అంతస్తులు. 1990లో ఫ్రాన్సులో కట్టినారంట, అప్పుడు దాని పేరు నార్డిక్ ఎంప్రెస్. దగ్గర దగ్గర 1,800 మంది పడతారు. నాకు వెంటనే పెండ్లి లెక్క గుర్తొచ్చింది. మా ఊర్లో పెండ్లికి వెయ్యి ఆకులు లేవాలంటే మూడు దినాల ముందు నుంచి కట్టెలు, గుండిగలు, కూరగాయలు అని పరుగే పరుగు. చివరి పంక్తికి పప్పు చాలకపోతే ఎవరో ఒకరు బండి మీద అంగడికి పోతారు. సముద్రం నడుమ ఉప్పు అయిపోతే యాడికి పోతారు? అందుకే రేవులో ఉన్నప్పుడే అన్నీ ఎక్కించుకుంటారు. పాలకు వేరే చలి గది, చేపకు వేరే, మాంసానికి వేరే, కూరగాయలకు వేరే. ముందొచ్చిన సరుకు ముందు వాడాలి. తాగే నీళ్లు కూడా సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసి తాగుతారు. ఇంకో వింత ఏందంటే అంత వంటా మంట లేకుండానే. ఓడకు నిప్పు భయం ఎక్కువ, గ్యాసు పొయ్యి పెట్టరు. అంతా కరెంటు పొయ్యిల మీదే. కట్టెల పొయ్యి ఊది ఊది కండ్లు పోగొట్టుకున్న మా అమ్మ ఇది వింటే నమ్మేది కాదు.

మొదటి రాత్రి మేము పోయింది ఎవరికి వాళ్లు పెట్టుకుని తినే హాలుకు. ఆ వరస చూస్తే తల తిరిగింది. ఒక పక్క అన్నం, పప్పు, సాంబారు, బిర్యానీ, ఇంకో పక్క రొట్టెలు, పన్నీరు, చేప, కోడి, ఆ తర్వాత పండ్ల ముక్కలు, ఆపైన కేకులు. ఉల్లి, తెల్లగడ్డ లేని జైనుల తిండికి వేరే ఏర్పాటు. కాసు అడిగేవాడు లేడు. ఇంక నేను ఆగలేదు. పళ్లెంలో అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాను. బిర్యానీ మీద పన్నీరు, దాని మీద చేప, పక్కన జామూను. జామూను పాకం పోయి చేపలో కలిసింది. మా ఇంటామె పళ్లెంలో కొంచెం అన్నం, పప్పు, ఒక వడియం.

"కండ్లతో తినొద్దు, కడుపుతో తిను" అనింది.

సగం తినలేకపోయినాను. ఆ పళ్లెం తీసుకోవడానికి వచ్చిన అబ్బాయి మా మాటలు విని తెలుగులోనే పలకరించినాడు. శ్రీకాకుళం పక్క పిల్లోడు. మిగిలింది ఏం చేస్తారబ్బా అని అడిగితే చెప్పినాడు. మిగిలిన తిండిని రేవులో అయినా దింపాలి, లేదంటే మిషన్లో సన్నగా నలిపి ఒడ్డుకు దూరంగా పోయినాక సముద్రంలో వదలాలి. దానికి ప్రపంచం మొత్తానికీ ఒకే చట్టం ఉంది. నలిపిందైతే ఒడ్డుకు 3 నాటికల్ మైళ్లు దాటినాక, నలపనిదైతే 12 దాటినాక. పన్నెండు అంటే మన లెక్కలో 22 కిలోమీటర్లు. మదనపల్లె మార్కెట్లో కిలో రెండు రూపాయలకు కూడా అడిగేవాడు లేనప్పుడు, బాక్సులు బాక్సులు రోడ్డు పక్కన పారబోసి వచ్చినోడిని నేను. అప్పుడు కోపం ప్రభుత్వం మీద, దళారీ మీద. ఈ సగం పళ్లానికి ఎవరి మీద కోపం పడాలి? మరుసటి దినం నుంచి చిన్న పళ్లెం పట్టుకున్నాను. అప్పటి నుంచే రుచి తెలిసింది.

నిజం చెప్పాలంటే తిండి బాగుంది. పొద్దున్నే లేచి పై అంతస్తులో టీ తాగుతా ఉంటే నాలుగు పక్కలా నీళ్లే, గట్టు అనేది లేదు. వేడి ఇడ్లీ, పలచటి చట్నీ, అప్పుడే పోసిన ఆమ్లెట్టు. ఓడ కొంచెం ఊగుతుంది, టీ కప్పులో ఊగుతుంది, కడుపులో కూడా ఊగుతుంది. మా ఇంటామెకు కొంచెం తిప్పింది, నిమ్మకాయ నీళ్లు తాగి కుదురుకునింది. ఆ చెన్నైలో పెట్టేసిన ఊరగాయను రెండుసార్లు తలుచుకునింది.

రెండో రోజు మధ్యాహ్నం కూర్చోబెట్టి వడ్డించే హాలుకు పోయినాము. గుడ్డ పరిచిన బల్ల, పక్కనే కిటికీ, కిటికీ బయట సముద్రం. రాత్రి చూసిన శ్రీకాకుళం అబ్బాయే మా బల్ల దగ్గరికి వచ్చినాడు. ముందు ఆమె కుర్చీ వెనక్కి లాగి కూర్చోమన్నాడు. కాగితం చేతికి ఇచ్చి, "అమ్మా, మీకేం ఇష్టం? చెప్పండి, తెస్తాను" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది.

నేను చెప్పబోయినాను. నోరు తెరిచినాను. మాట రాలేదు. ఎందుకంటే నాకు తెలీదు.

పెండ్లయి ముప్పై ఏండ్లు. ఏ కయ్యకు ఎప్పుడు తడి కావాలో తెలుసు. ఏ ఆవు ఏ గడ్డి తినదో తెలుసు. నాకు సంగటిలోకి ఏం కావాలో, అబ్బోడికి ఏ పులుసు ఇష్టమో, మా నాయన బతికున్నప్పుడు పప్పులో ఎంత కారం అడిగేవాడో అన్నీ ఆమెకు తెలుసు. ఆమెకు ఏం ఇష్టమో చెప్పమంటే నా దగ్గర ఒక్క మాట లేదు. ఆమె తినేటప్పుడు నేను చూసిందే లేదు కదా. మేము తిని చేయి కడుక్కుని అరుగు మీదికి పోయినాక, గిన్నెలో మిగిలింది వేసుకుని ఆమె తింటుంది. నాటుకోడి వండిన రోజు ఆమె పళ్లెంలోకి పులుసే మిగులుతుంది. అది ఆమెకు ఇష్టమని నేను అనుకుంటా ఉన్నాను.

ఆ అబ్బాయి తొందర పెట్టలేదు. "ముందు టమోటా సూపు తెస్తానమ్మా, అది తాగుతూ ఆలోచించుకోండి" అన్నాడు.

సూపు వచ్చింది. పొగలు కక్కుతా ఉంది. రెండు చెంచాలు తాగి, "ఇది మన కాయేనా?" అని అడిగింది. అయ్యుండొచ్చు అన్నాను. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు కాయలు చెన్నై కోయంబేడు మార్కెట్టుకు లారీల్లో పోతానే ఉంటాయి. అటు కోలారు కాయా పోతుంది. ఎవరి కాయో ఎవరు చెప్పగలరు?

"మన కాయ ఇంత తియ్యగా ఉంటుందని నాకు తెలీదు" అనింది ఆమె.

ఇరవై ఏండ్లుగా టమోటా పెట్టే ఇంటి ఆడమనిషి చెప్పిన మాట ఇది. చేను పెట్టినోళ్లకు వెంటనే అర్థమవుతుంది. కోసిన కాయను మనం ఏరుతాము. గట్టిగా, గుండ్రంగా, ఎర్రగా ఉన్నది మొదటి రకం, అది బాక్సుకు. కొంచెం వంకర తిరిగింది రెండో రకం, అది కూడా బాక్సుకు. పగిలింది, పురుగు తొలిచింది, వానకు మచ్చ పడింది బుట్టలో వేసి ఇంటికి. ఆమె ఆ మచ్చ వరకు కోసి పారేసి, మిగిలింది పప్పులో వేస్తుంది. దూరం పోవాలని దోరగా ఉన్నప్పుడే కోస్తాము కాబట్టి చెట్టు మీద పండిన మంచి కాయ మా ఇంటికి వచ్చే దారే లేదు. కాయ ఏరినట్టే ఇంట్లో మనుషులనూ ఏరినాము. మొదటి రకం తిండి నాకు, రెండోది బిడ్డలకు, మిగిలింది ఆమెకు.

ఆ పూట ఆమె మెల్లగా ఒక్కొక్కటి తెప్పించుకుని తినింది. సూపు ఇంకోసారి అడిగింది. చేప ముక్క వేయించింది తినింది, ముల్లు తీసి ఎవరికీ పెట్టే పని లేకుండా. చివర్లో ఐస్‌క్రీం వద్దని, గడ్డ పెరుగు తెప్పించుకునింది. ఆమెకు చేప ఇష్టం. పెరుగు గడ్డగా, పుల్లగా ఉండాలి. జామూను వంటి తీపి నచ్చదు. యాభై దాటినాక నేను తెలుసుకున్న సంగతులు ఇవి.

లేచేటప్పుడు ఆ అబ్బాయిని అడిగింది, "నువ్వు తిన్నావా నాయనా?" అని. "మాది మీ అందరిదీ అయినాక అమ్మా, కింద మాకు వేరే మెస్ ఉంది" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ వరస ఆమెకు కొత్త కాదు. ఆమె అనుకున్న మాట నాకు వినబడింది. వాడికి జీతం, సెలవు ఉన్నాయి కదా అని నాకు నేను చెప్పుకోబోయి, అది ఇంకా సిగ్గుచేటని ఊరుకున్నాను.

మూడో దినం తెల్లారి డాల్ఫిన్ నోస్ కొండ కనబడింది. "మన కొండకంటే చిన్నదే" అనింది ఆమె. మన హార్స్లీ కొండ నాలుగు వేల అడుగుల పైమాటే కదా, ఆ మాట నిజమే. విశాఖలో దిగి రైల్లో తిరుపతి, అక్కడి నుంచి బస్సులో మదనపల్లె. ఇంటికి వచ్చిన రాత్రి సంగటి కెలికి, ముందు నాకు పెట్టబోయింది. నువ్వు కూడా కూర్చో అన్నాను. "మరి వడ్డించేది ఎవరు?" అనింది. గిన్నెలు నడుమ పెట్టుకున్నాము. ఇద్దరం ఒకేసారి తిన్నాము. సంగటి వేడిగా ఉన్నప్పుడు తినడం ఎట్లుంటుందో ఆమెకు అప్పుడు తెలిసిందేమో అని అనుకుంటా ఉంటే, "ఉప్పు తక్కువయింది, ఇన్నాళ్లు చెప్పలేదే" అనింది. ఆరిపోయిన సంగటిలో ఉప్పు సంగతి ఆమెకూ తెలీలేదంట.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచోడిగా మిగిలిపోతాను. కానీ ఇంకొకటి ఉంది. 2023 జులై చివర్లో మదనపల్లెలో మొదటి రకం కిలో 200 దగ్గరికి పోయింది, మీకందరికీ గుర్తుంటుంది. మాకు అప్పుడు అరెకరా మాత్రమే కాపు మీద ఉండింది. ప్రతి కాయా లెక్కపెట్టి బాక్సులో వేసినాను. మచ్చ కాయ కూడా వదల్లేదు, అదీ అమ్ముడుపోయింది. రెండు వారాలు మా ఇంట్లో టమోటా లేదు. ఆమె ఏమీ అనలేదు. పప్పులో చింతపండు వేసింది. ఒక రాత్రి సంగటి పెడతా పెడతా, "ఓడలో అయితే సూపు ఇచ్చేవాళ్లు" అనింది. నవ్వుతానే అనింది. నాకు ముద్ద దిగలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కట్టడి పెట్టుకున్నాము. ప్రతి కోతలో ముందు ఇంటికి, తర్వాత బాక్సుకు. చాలా కాదు, పది కాయలు. చేను చివర రెండు చెట్లు కోయకుండా వదులుతాము, చెట్టు మీదే ఎర్రగా పండాలని. రేటు రెండు రూపాయలున్నా అంతే, రెండు వందలున్నా అంతే. నెలకు రెండుసార్లు బజారులో చేప తెస్తాను. పెరుగు గడ్డగా తోడు పెట్టేది నేనే, సరిగ్గా రాని రోజులు ఉన్నాయి.

ఈ పొద్దు కొత్త చేనులో మొదటి కోత. పది కాయలు తెచ్చి ఆమె ముందు పెడితే, ఒకటి ఏరుకుని ఉప్పు అద్దుకుని అక్కడే నిలబడి కొరికింది. అది చూసి ఇదంతా రాయాలనిపించింది.

ఓడ ఎక్కమని ఎవరికీ చెప్పను, అది డబ్బుతో పని. కానీ ఈ రాత్రి మీ ఇంట్లో చివర తినే మనిషి ఎవరో చూడండి. ఆ మనిషికి ఏం ఇష్టమో మీకు తెలుసా అని ఒకసారి మీకు మీరే అడగండి. తెలీకపోతే పోయి అడగండి. నాకు ముప్పై ఏండ్లు పట్టింది.

ఉంటాను. వాన రాకముందే కట్టెలు పాతాలి.