మా ఇంటికి ఎన్ని వాట్లు కావాలి?

ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకోవాలనుకునే వాళ్లు మొదట ఏ గిటార్ కొనాలా అని ఆలోచిస్తారు. నాకు గిటార్ ఊరికే వచ్చింది. ఆంప్లిఫయర్ గురించే నాలుగు నెలలు ఆలోచించాల్సి వచ్చింది. విశాఖపట్నంలో ఉండే మా చిన్న మావయ్య ఉద్యోగంలో చేరాక తన నల్ల గిటార్ నాకు ఇచ్చేశాడు. "ఆంప్ ఎప్పుడో అమ్మేశానే, అది నువ్వే చూసుకో" అన్నాడు. ఆంప్లిఫయర్‌ని అందరూ ఆంప్ అనే అంటారు, నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

ఆంప్ లేకుండా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తే దోమ పాడినట్టు ఉంటుంది. మామూలు గిటార్‌కి లోపల బోలుగా ఉంటుంది కాబట్టి తీగ మీటగానే పెట్టె మొత్తం మోగుతుంది. దీనికి ఉన్నది గట్టి చెక్క దిమ్మ. తీగల కింద పికప్ అని ఒకటి ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగని వేల చుట్లు చుట్టి చేస్తారు. పైన ఉక్కు తీగ కంపిస్తే ఆ చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇది, మన సైన్సు పుస్తకంలో ఉన్నదే. ఆ చిన్న విద్యుత్తుని పెద్దది చేసి స్పీకర్‌కి ఇచ్చేది ఆంప్.

"మరి ఆంప్ లేకుండానే వేళ్లకి అలవాటు చేసుకోవచ్చు కదా" అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. రెండు నెలలు అదే చేశాను. వేళ్లు నడుస్తాయి, కాదనను. కానీ వినపడాలని తీగని గట్టిగా కొట్టడం అలవాటవుతుంది. వాయించని తీగలు పక్కన మోగుతుంటే తెలియదు. వాటిని అరచేతి అంచుతో ఆపడం ఎలక్ట్రిక్ గిటార్‌లో సగం విద్య. ఏది మోగుతోందో వినపడకపోతే ఏది ఆపాలో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. పాత బరంపురంలో నేతగాళ్ల వీధిలో మేము అద్దెకుంటున్నాం. రెండు గదులు. ఎడమవైపు గోడ పక్కింటి వాళ్లకీ మాకూ ఒకటే. నాన్నకి రాత్రి డ్యూటీ, సాయంత్రం నాలుగు నుంచి ఏడున్నర దాకా ముందు గదిలో పడుకుంటాడు. అమ్మ కుట్టుపని నుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది. పోయినేడు మామ్మ పడిపోయి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యింది కానీ ఒంటరిగా మంచం దిగలేదు. బడి నుంచి నేను వచ్చాక అమ్మ వచ్చేదాకా మామ్మ దగ్గర ఉండేది నేనే. నాకు వాయించుకోవడానికి దొరికే టైము కూడా అదే. దీనికి తోడు ఇంటివాళ్లు గిటార్‌ని చూసిన రోజే "పాటలూ గోలా అంటే ఇల్లు ఖాళీ చేసుకోండి" అని చెప్పి వెళ్లారు. ఠాకురాణీ యాత్రకి రెండేళ్లకోసారి ఊరంతా నెల రోజుల దాకా డప్పులతో ఊగిపోతుంది, అప్పుడు ఎవరూ ఏమీ అనరు. అది అమ్మవారి పండగ, నాది గిటార్, కాబట్టి పోల్చకూడదులెండి.

మొదట ఊళ్లో వాయిద్యాల దుకాణానికి వెళ్లాను. ఆయన నలభై వాట్ల ఆంప్ చూపించి, "చిన్నది కొంటే ఆరు నెలల్లో మళ్లీ వస్తావు, ఇది తీసుకో, సౌండు తగ్గించుకుని వాడు" అన్నాడు. ఆ మాట సబబుగానే అనిపిస్తుంది. ఫంక్షన్లలో వాయించేవాళ్లకి సబబే కూడా. ఇంటికి వచ్చి లెక్క వేశాక నా విషయంలో అది కుదరదని తెలిసింది.

ఆ లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నాను. శబ్దాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. వాట్లు సగం చేస్తే శబ్దం సగం కాదు, మూడు డెసిబెళ్లే తగ్గుతుంది. వాట్లు పదోవంతు చేస్తే పది డెసిబెళ్లు తగ్గుతుంది, అప్పుడు మన చెవికి దాదాపు సగం అయినట్టు అనిపిస్తుంది. అంటే నలభై వాట్ల ఆంప్ బదులు నాలుగు వాట్లది కొన్నా, రెండూ పూర్తిగా తిప్పితే చిన్నది పెద్దదానిలో సగం గోల చేస్తుంది! గిటార్ స్పీకర్‌కి ఒక్క వాటు ఇచ్చినా మీటరు దూరంలో మామూలుగా 90 డెసిబెళ్లు, కొన్నిటికి ఇంకా ఎక్కువ వస్తుంది. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం జనం నివసించే చోట పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెళ్లు పరిమితి. నేను 55 దగ్గర వాయించాలంటే 90 లోంచి 35 తగ్గాలి. ముప్ఫై తగ్గాలంటే వాటులో వెయ్యోవంతు, ఇంకో ఐదుకి సుమారు మూడోవంతు. మొత్తం మీద మా ఇంటికి కావలసింది ఒక వాటులో మూడు వేలో వంతు!

ఈ అంకె చూసి నాకే నవ్వొచ్చింది. లెక్కల మాస్టారికి చూపిస్తే ఆయన నవ్వలేదు, మళ్లీ వేసి చూసి "కరెక్టే" అన్నారు.

అందుకే నలభై వాట్ల ఆంప్ మా ఇంట్లో ఉంటే దాని వాల్యూమ్ బిరడా సున్నా నుంచి కాస్త కదిలేసరికే నాన్న లేచి కూర్చుంటాడు. ఆ కాస్త జాగాలోనే రోజూ వెంట్రుకంత తిప్పుకుంటూ సరిచూసుకోవాలి. చిన్న ఆంప్‌లో అదే బిరడా తిరగడానికి చోటుంటుంది. ఇంకొక సంగతి, గెయిన్ అనే బిరడా, వాల్యూమ్ అనే బిరడా విడివిడిగా ఉండాలి. గెయిన్ పెంచితే స్వరం గరగరలాడుతూ రాక్ పాటల్లో లాగా వస్తుంది. వాల్యూమ్ తగ్గిస్తే అదే గరగర మెల్లగా వినిపిస్తుంది. రెండూ ఒకటే బిరడాతో ఉంటే ఆ స్వరం కావాలంటే వీధంతా వినాల్సిందే.

తక్కువ శబ్దంలో వాయిస్తే స్వరం పీలగా ఎందుకుంటుందో కూడా తెలుసుకున్నాను. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి కింది స్వరాలని ఇంకా తక్కువగా వింటుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికాలో దీన్ని కొలిచి చూపించారు. సరే బాస్ పెంచుదామంటే, గోడలోంచి పక్కింటికి సులువుగా పోయేది ఆ బాసే. పెళ్లి ఊరేగింపు దూరంగా వెళ్తుంటే పాట వినపడదు, దబ్‌దబ్ మాత్రం వినపడుతుంది చూడండి, అదీ కారణం. కాబట్టి ఆంప్‌ని నేల మీద, మూలలో, ఉమ్మడి గోడకి ఆనించి పెట్టకూడదు. స్టూలు మీద మడత దుప్పటి వేసి, దాని మీద పెట్టి, మన చెవికి దగ్గరగా తిప్పుకోవాలి. మనకీ స్పీకర్‌కీ దూరం సగం చేస్తే మనకి ఆరు డెసిబెళ్లు ఎక్కువ వినపడుతుంది, పక్కింటికి ఏమీ పెరగదు. పైసా ఖర్చు లేని ఉపాయం.

ఇంత గొడవ ఎందుకు, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే సరిపోదా అని మీరు అడుగుతారు. మావయ్య కూడా అదే అన్నాడు. వాక్స్ వాళ్ల ఆంప్‌ప్లగ్ అని అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది ఉంటుంది. గిటార్‌కి నేరుగా గుచ్చి హెడ్‌ఫోన్ తగిలిస్తే చాలు, రెండు చిన్న బ్యాటరీలతో నడుస్తుంది. ధర తక్కువ, నాన్న నిద్ర చెడదు, ఇంటివాళ్లకి అసలు తెలియనే తెలియదు. నేను దాదాపు అదే కొనేద్దామనుకున్నాను.

కానీ రెండు చెవులూ మూసుకుంటే మామ్మ పిలిస్తే నాకు వినపడదు. ఆమె గొంతు ఇప్పుడు చాలా సన్నబడిపోయింది. ఒక్క పిలుపు పిలిచి ఊరుకుంటుంది, పిల్ల చదువుకుంటోందేమో అని. నేను వెళ్లకపోతే తనే లేవాలని చూస్తుంది. పోయినేడు పడింది కూడా అలాగే, ఎవరినీ పిలవకుండా. రెండోసారి పడితే ఏమవుతుందో డాక్టరుగారు అమ్మతో చెప్తుంటే నేను పక్కనే ఉన్నాను. "ఒక చెవికి పెట్టుకోవే" అంది అమ్మ. ఒక చెవికి పెట్టుకుంటే ఆ చెవిలో సౌండు పెంచుతాం, అదీ మంచిది కాదు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని వాయించడం కూడా చూశాను. మీటిన తరువాత ఒక క్షణం ఆగి వినిపిస్తుంది. తాళం ఏం కుదురుతుంది?

కాబట్టి నాకు కావలసింది నిశ్శబ్దం కాదు. నాన్నని లేపకుండా, మామ్మ పిలుపుని కప్పేయకుండా, నాకు మాత్రం వినపడే శబ్దం. మనం మాట్లాడుకునేది దాదాపు 60 డెసిబెళ్లు. గిటార్ దానికంటే తక్కువ ఉండాలి.

ఇలా చూస్తే మిగిలినవి రెండు. ఫెండర్ ఫ్రంట్‌మన్ 10జి, పది వాట్లు, ఆరంగుళాల స్పీకర్. స్పీకర్ పెద్దది కాబట్టి స్వరం నిండుగా ఉంటుంది, మనసు దానివైపే లాగింది. రెండోది బ్లాక్‌స్టార్ ఫ్లై 3, మూడు వాట్లు, మూడంగుళాల స్పీకర్, టిఫిను డబ్బా అంత ఉంటుంది. గెయిన్, వాల్యూమ్ విడిగా ఉన్నాయి, హెడ్‌ఫోన్ కూడా తగిలించుకోవచ్చు. కరెంటుతోనూ నడుస్తుంది, ఆరు పెన్సిల్ బ్యాటరీలతోనూ నడుస్తుంది. ధరలు మారుతుంటాయి కాబట్టి రాయడం లేదు.

ఈ బ్యాటరీల దగ్గరే నిర్ణయం అయిపోయింది. మాది పాత ఇల్లు, ప్లగ్గులకి ఎర్తు లేదు. ఎర్తు లేని చోట ఆంప్ గుయ్యిమంటుంది. ట్యూబ్‌లైటు, ఫ్యాను రెగ్యులేటరు గోల కూడా పికప్ పట్టుకుంటుంది. సభలో పెద్ద శబ్దంతో వాయించేవాళ్లకి ఆ గుయ్ వినపడదు, మెల్లగా వాయించే నాలాంటి వాళ్లకి పాట కన్నా అదే ఎక్కువ వినపడుతుంది. పైగా ఎర్తు లేకుండా కరెంటు ఆంప్‌కి తగిలించిన ఉక్కు తీగలు పట్టుకోవడం ప్రమాదం. మావయ్య కూడా ఈ ఒక్క విషయంలో గట్టిగా చెప్పాడు. గంజాం జిల్లాలో తుఫాను వస్తే కరెంటు ఎన్నాళ్లకి వస్తుందో మీకు తెలుసు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మేమంతా చీకట్లో గడిపిన రోజుల గురించి అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

దుకాణానికి రెండోసారి నా గిటార్ తీసుకునే వెళ్లాను. అక్కడి గిటార్‌తో వింటే మనకి ఏం తెలుస్తుంది? చిన్న ఆంప్ పెట్టించి, అన్నీ సున్నా చేసి, మెల్లగా తిప్పాను. "ఎతే కమ్?" అని నవ్వాడు ఆయన. ఇంత తక్కువా అని ఒడియాలో. నేను వాయిస్తూనే మామూలు గొంతుతో అమ్మని ఒక మాట అడిగాను, అమ్మ కూడా అలాగే జవాబు చెప్పింది. ఎవరూ గొంతు పెంచలేదు. వాయించడం ఆపి, స్పీకర్ దగ్గర చెవి పెట్టి ఊరికే ఎంత బుస కొడుతోందో విన్నాను. హెడ్‌ఫోన్ గుచ్చితే స్పీకర్ ఆగుతోందో లేదో చూశాను. నేను దాచుకున్న మూడు వేలకి మిగతాది మావయ్య కలిపాడు.

ఇంటికి తెచ్చిన రోజు అమ్మ పక్కింట్లోకి వెళ్లి గోడ దగ్గర నిలబడింది. నేను ఐదు నిమిషాలు వాయించాను. పక్కింటి పెద్దమ్మ అమ్మతో పాటు వచ్చి, "ఏటమ్మా, ఎప్పుడు మొదలెడతావు?" అని అడిగింది. వాళ్ల మగ్గం చప్పుడే మా ఇంట్లోకి ఎక్కువ వస్తుంది. ఆ టక్‌టక్‌కి ఒక లయ ఉంటుంది, ఒక్కోసారి దానితోనే తాళం వేసుకుంటాను. దారం తెగినప్పుడు మాత్రం నేనూ ఆగాలి.

నాన్న లేవలేదు. మామ్మ మాత్రం "వినపడట్లేదే" అని మొదలుపెట్టింది. మామ్మకి మాండొలిన్ శ్రీనివాస్ అంటే ప్రాణం. పాలకొల్లులో 1969లో పుట్టి, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి లోకమంతా తిరిగాడాయన. మామూలు మాండొలిన్ స్వరం మీటగానే ఆరిపోతుంది, గమకం లాగడానికి టైముండదు. పికప్పూ ఆంపూ ఉంటే ఆ స్వరం నిలబడుతుంది. "కరెంటు వాయిద్యం మన సంగీతానికి పనికిరాదు" అని ఎవరైనా అంటే మామ్మ ఆయన పేరే చెప్తుంది. ఆయన 2014లో పోయినప్పుడు ఆ రోజు అన్నం తినలేదట.

నాకు ఇంకా మోహన రాగంలో ఆరోహణ, అవరోహణే సరిగ్గా రావు. అయినా ఇప్పుడు స్టూలు మామ్మ తలగడ పక్కకి మారింది. ఆంప్ మొహం ఆమె వైపు, ఆమె మంచం పట్టె మీద నేను. వాల్యూమ్ ఏమీ పెంచలేదు. తప్పు స్వరం పడితే చెయ్యి ఎత్తుతుంది, నేను ఆపి మళ్లీ మొదలుపెడతాను. బ్యాటరీలు మాత్రం త్వరగా అయిపోతున్నాయి. ఛార్జింగ్ చేసుకునేవి ఆరూ, దానికి ఛార్జరూ కొనాలి. సంక్రాంతికి మావయ్య వస్తాడు, అప్పుడు అడగాలి.