'సి'తో మొదలయ్యే అక్షరమాల

మొన్న మా అమ్మాయి, "నాన్నా, కంప్యూటర్లో డ్రైవులు 'సి' నుంచే ఎందుకు మొదలవుతాయి?" అని అడిగింది.

1960లలోనే ఐబీయం పెద్ద యంత్రాలపై నడిచిన సీపీ/సీఎంఎస్‌లో డిస్కులకు అక్షరాలే పేర్లు. 1974లో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం ఆ పద్ధతిని చిన్న కంప్యూటర్లకు తెచ్చింది. డాస్ దాన్నే అందిపుచ్చుకుంది. 1981 నాటి ఐబీయం పీసీలో 'ఎ', 'బి' రెండూ ఫ్లాపీలవే. ఫ్లాపీ డ్రైవు ఒక్కటే ఉన్నా డాస్ దానికే రెండు పేర్లూ పెట్టి, ఇక 'బి' ఫ్లాపీ పెట్టమని అడిగేది. ఏకపాత్రాభినయమన్నమాట! 1983లో పీసీ ఎక్స్‌టీతో హార్డ్ డిస్కు వచ్చేసరికి దానికి మిగిలింది 'సి'. తరువాత ఫ్లాపీలు పోయినా వాటి పీటలు ఖాళీగానే ఉన్నాయి.

ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. బీరువాలోని ఫ్లాపీ సంగతి మాత్రం చెప్పలేదు. మా నాన్నగారు తమ బాల్యం గురించి చెబుతుంటే నేను టైపు చేసి దాచినది అందులో ఉంది. కొత్త యంత్రం మోజులో పాతదాన్ని తూకానికి అమ్మేసిన రోజున ఆ ఫైలు ధ్యాసే నాకు లేకపోయింది. ఆయన పోయాక దాన్ని బయటకు తీయడానికే భయమేసింది.

నిన్న యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవొకటి తెప్పించాను. తగిలించగానే తెర మీద, 'సి'కి పైన, 'ఎ' ప్రత్యక్షమైంది. ఫ్లాపీకి అంటించిన చీటీ మీద ఆయన దస్తూరి చెదరలేదు. లోపలి అయస్కాంతపు రాత మాటేమిటో! ఫ్లాపీ ఇంకా నా చేతిలోనే ఉంది.