కంప్యూటర్లో విమానం – నిజానికి ఎంత దగ్గర?

విమానం శబ్దం వినపడితే తలెత్తి చూడని విద్యార్థి ఉండడు. మన వైరా మీదుగా పోయే విమానాలు చాలా ఎత్తున పోతాయి కాబట్టి తెల్లని గీత తప్ప మనకేమీ కనపడదు. లోపల పైలట్ ఏం చేస్తాడో తెలుసుకోవడానికి మనబోటి వారికి కంప్యూటరే దగ్గరి దారి. పూర్వ విద్యార్థి ఒకరు ఇచ్చిన పాత కంప్యూటర్ మీద పదో తరగతి వాళ్ళం నలుగురం ఆదివారాల్లో నేర్చుకున్న సంగతులను ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మిత్రులతో పంచుకుంటున్నాం.

మేము వాడింది ఫ్లైట్‌గేర్ అనే ప్రోగ్రాం. దీనికి డబ్బు కట్టనక్కర లేదు. 1997 నుండి అనేక దేశాల వారు జీతం లేకుండా దీన్ని తయారు చేస్తూ వస్తున్నారు. ఇందులో సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం ఉంది. అసలు సెస్నా 172 మొదటిసారి 1955లో ఎగిరింది. హైదరాబాదు బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో కూడా పైలట్ శిక్షణకు సెస్నాలు వాడారు.

కంప్యూటర్లోని విమానం నిజానికి కొన్ని ఫైళ్ళలో రాసిన అంకెలే. బరువెంత, ఇంజన్ బలమెంత, రెక్క ఎంత పైకి లేపుతుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ అంకెలూ, మనం పెట్టే పరిస్థితులూ నిజానికి ఎంత దగ్గరగా ఉంటే విమానం అంత నిజంగా ఎగురుతుంది.

మొదట బరువు చూశాం. సెస్నా 172పి రకం విమానం బయలుదేరేటప్పుడు మొత్తం 1,089 కిలోలు దాటకూడదు. నలుగురు పెద్దవాళ్ళు ఎక్కి, ట్యాంకుల నిండా ఇంధనం పోస్తే ఇక సామాన్లకు చోటు మిగలనట్లే. ప్రోగ్రాంలో మనుషుల బరువు మనమే మార్చవచ్చు. హాస్టల్లో బియ్యం తూచే కాంటా మీద మేము నలుగురం తూగి, ఆ బరువులే వేశాం. ట్రంకు పెట్టెను కూడా తూచి వెనుక భాగంలో వేశాం. అక్కడ 54 కిలోలే హద్దు. వెనుక బరువు పెరిగితే గురుత్వ కేంద్రం వెనక్కి జరిగి, ముక్కు పైకి లేస్తూ విమానం నిలకడ తప్పుతుంది. భౌతికశాస్త్రం పాఠంలో బట్టీ పట్టిన ముక్క మాకు అప్పుడు అర్థమైంది.

రెండోది ఎండ. విమానాల లెక్కల్లో ప్రామాణిక వాతావరణం అంటే సముద్రమట్టం వద్ద 15 డిగ్రీలు. మన ఖమ్మం జిల్లా మే నెల అలా ఉండదు గదా! వేడెక్కిన గాలి సాంద్రత తగ్గుతుంది. దానితో రెక్కలకు పట్టు, ప్రొపెల్లర్‌కు లాగుడు, ఇంజన్‌కు బలం మూడూ తగ్గుతాయి. 172పి పుస్తకం ప్రకారం నిండు బరువుతో సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీలప్పుడు నేల మీద 860 అడుగులు పరుగెత్తి లేచే విమానం, 40 డిగ్రీలప్పుడు 1,065 అడుగులు పరుగెత్తాలి. వాతావరణంలో 40 డిగ్రీలు పెట్టి చూశాం. విమానం బద్ధకంగా లేచింది. అదే నిజం.

మూడోది తోక చుక్కాని. దీన్నే రడ్డర్ అంటారు. కొత్తవారికి సులువుగా ఉండాలని రడ్డర్ తనంత తానే కదిలే ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని తీసేశాం. అప్పుడు ఇంజన్ పూర్తి బలంతో తిరుగుతుంటే విమానం ఎడమకు లాగడం మొదలుపెట్టింది. అసలు విమానంలో పైలట్ కుడి పెడల్ నొక్కి సరిచేస్తాడు. మాకు పెడల్స్ లేవు కనుక కీబోర్డు చివరనున్న ఎంటర్ మీటను కొద్దికొద్దిగా నొక్కుతూ అలవాటు చేసుకున్నాం.

తరువాత గన్నవరం విమానాశ్రయం నుండి వైరాకు బయలుదేరాం. నేరుగా 90 కిలోమీటర్ల లోపే. దిక్సూచి, గడియారం తప్ప మరేదీ చూడకూడదని పందెం వేసుకున్నాం. గంటకు 20 కిలోమీటర్ల పక్కగాలి వీస్తే, సరిచేయని విమానం అరగంటలో 10 కిలోమీటర్లు పక్కకు కొట్టుకుపోతుంది. ఎదురుగా కనపడవలసిన వైరా రిజర్వాయరు పక్కన ఎక్కడో ఉంటుంది. అందుకే గాలి వచ్చే వైపుకు ముక్కు కొంచెం తిప్పి పోవాలి.

ఈ మార్పులన్నీ చేశాక తమ్ముళ్ళు కొందరు "అన్నా, ఆట పాడు చేశారు, ఇదివరకు బాగా ఎగిరేది" అని అలిగారు. వారి బాధ అబద్ధం కాదు. కాని మేము ఒక్కటే చెప్పాం. మన కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు నిజంగా ఎగరాలి. దానికి లక్షల రూపాయలు ఖర్చవుతాయి. మన కంప్యూటర్లో ఎగిరింది అందులో ఒక్క గంట కూడా లెక్కకు రాదు. కూలికి పోయే అమ్మానాన్నల పిల్లలం. రేపు స్కాలర్‌షిప్‌తో మనలో ఒకరికి ఆ అవకాశం వస్తే, ఇక్కడ పట్టిన తప్పు అలవాటును అక్కడ వదిలించుకోవడానికి అదనపు గంటలు కొనే స్థోమత మనకు లేదు. సులువైన అబద్ధం డబ్బున్న వాడికి వినోదం, మనకు నష్టం.

ఎంత సరిచేసినా కుర్చీ అదరదు, కడుపులో తిప్పదు, భయం వేయదు. పడిపోతే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఆ తేడా ఎప్పుడూ మరువకూడదు. అయినా లెక్కలు, విజ్ఞానశాస్త్రం ఎందుకు చదవాలి అని అడిగే మిత్రులు ఒక్క ఆదివారం మాతో కూర్చోవాలని కోరుతున్నాం. రాత్రి స్టడీ అవర్ అయ్యాక మరో అరగంట కంప్యూటర్ గది తెరిచి ఉంచిన మా వార్డెన్ సారుకు, సందేహాలు తీర్చిన లెక్కల మాస్టారికి కృతజ్ఞతలు. మేము ఈ ఏడు హాస్టల్ వదిలి వెళ్తున్నాం. బరువులు, కొలతలు రాసిన నోటు పుస్తకాన్ని కంప్యూటర్ పక్కనే ఉంచుతున్నాం. తమ్ముళ్ళు దాన్ని ఇంకా సరిదిద్దుతారని ఆశిస్తున్నాం.