ఒక్క వాటు చాలు!

1984లో ఎన్.టి.ఆర్. వెండితెర మీద చూపించిన వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి అయిన ఊరు మాది. వైశాఖంలో ఆరాధన వచ్చిందంటే బ్రహ్మంగారి మఠంలో హారన్లు మోగాల్సిందే! అందుకే మా వాళ్లకు లౌడ్‌స్పీకరంటే గట్టిగా అరిచేదనే లెక్క. పాటల కోసం ‘హై ఎఫిషియెన్సీ’ స్పీకర్లు కొంటానంటే మా అమ్మ, “ఇంట్లోనే తిర్నాల జేస్తావా ఏంది నాయనా?” అంది.

అసలు సంగతి అది కాదు. ఆంప్లిఫయర్ ఇచ్చిన కరెంటులో ఎంత భాగం శబ్దంగా మారుతుందన్నదే ఎఫిషియెన్సీ. మామూలు డబ్బా స్పీకర్లు చాలావరకు నూటికి ఒక పాలు కూడా మార్చవు. మిగతాదంతా వేడి! అదే మంచి హారనైతే పది పాళ్లు, ఆపైన కూడా మారుస్తుంది.

మన ‘భక్త ప్రహ్లాద’ 1932లో మాట్లాడింది. ఆ కాలపు వాల్వు ఆంప్లిఫయర్ల బలం కొద్ది వాట్లే. తెర వెనక పెద్ద హారన్లు ఉండబట్టే ఆ కాస్త బలమూ హాలంతా నింపగలిగింది.

నా దగ్గరున్నదీ 5 వాట్ల వాల్వు ఆంప్లిఫయరే. పత్రికలకు రాసుకుని బతికేవాడికి దాన్ని మార్చి పెద్దది కొనే తాహతెక్కడిది? పైగా నేను పాటలు వినేది రాత్రి పది దాటాక. పక్క గదిలో అమ్మ నిద్ర చెడకూడదు, ఘంటసాలగారు చరణానికి ముందు తీసే ఊపిరి నాకు తప్పిపోకూడదు!

అందుకని డబ్బా మీది వేల వాట్ల గొప్పలు పక్కన పెట్టి, 1 వాటుకు 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్సో చూశాను. 3 డెసిబెల్స్ పెరిగితే సగం బలం చాలు. 85 డెసిబెల్స్ స్పీకరు 16 వాట్లు తాగే చోట 97 డెసిబెల్స్ స్పీకరుకు ఒక్క వాటు సరిపోతుంది.

ఇక్కడో తిరకాసుంది. కొందరు 1 వాటుకు బదులు 2.83 వోల్టులకని రాస్తారు. 8 ఓముల స్పీకరుకైతే అది 1 వాటే. 4 ఓములకైతే 2 వాట్లు! అంటే 3 డెసిబెల్స్ ఉత్తుత్తివే. రాసిన అంకెలోంచి తీసేసుకోండి.

ఇంకో మాట. చిన్న డబ్బా, లోతైన బాస్, ఎక్కువ ఎఫిషియెన్సీ... ఈ మూడూ ఒకచోట దొరకవు. రెండు కావాలంటే మూడోది వదులుకోవాల్సిందే. అమెరికాలో పాల్ క్లిప్ష్ గది మూలనే హారన్‌లో భాగం చేసుకున్నాడు. అయినా ఆయన డబ్బా బీరువాకు తమ్ముడే! నేను వదులుకున్నది ఇంట్లో జాగా. బట్టల బీరువా వరండాలోకి పోయింది.

కుర్రకారుకు నా సలహా ఒకటే. కొట్లో వాళ్లు నాబ్ పెంచి చూపిస్తారు. మీరు తగ్గించమనండి. గుసగుసంత తగ్గాక కూడా పాటలో మాట చెదరకపోతే, అప్పుడు బేరం మొదలుపెట్టండి!